తుఫాను రాకముందే వర్తకులతో ఒప్పందం: కోస్తా పట్టణాలకు ఒక ఆచరణ మార్గదర్శి

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. మరునాడు ఆ నగరానికి అత్యవసరంగా ఏమేమి కావలసి వచ్చాయో గుర్తు చేసుకుంటే, విపత్తు సన్నద్ధతలో ప్రైవేటు వ్యాపారుల స్థానం ఎంతటిదో తెలుస్తుంది. రోడ్లకు అడ్డంగా పడిన చెట్లను కోయడానికి మోటారు రంపాలు, ఒరిగిన స్తంభాలను తొలగించడానికి క్రేన్లు, ఆసుపత్రులకూ సెల్ టవర్లకూ జనరేటర్లు, వాటికి డీజిలు, పసిపిల్లలకు పాలు, ఇంటింటికీ తాగునీటి టిన్నులు కావలసి వచ్చాయి. వీటిలో ఎక్కువ భాగం ప్రభుత్వ గోదాముల్లో దొరికే సరుకు కాదు. పదేళ్ల తర్వాత 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట బుడమేరు వాగుకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ పరిసరాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు కూడా అన్నం వండినవారిలో, ట్రాక్టర్లు, పడవలు సమకూర్చినవారిలో ప్రైవేటువారు ఎందరో ఉన్నారు.

మన వర్తకులు సాయానికి వెనుకాడిన సందర్భం అరుదు. అయితే ఆ సాయం దాదాపు ప్రతిసారీ ఆపద వచ్చి పడిన తర్వాతే మొదలవుతుంది. ఎవరికి తోచింది వారు తెస్తారు. లారీ వెళ్లగలిగిన వీధికి నాలుగుసార్లు భోజనం అందుతుంది, లారీ వెళ్లలేని వీధికి మంచినీళ్లు కూడా చేరవు. అందువల్ల చందాలు, విరాళాలు అడిగే అలవాటును పక్కనబెట్టి, ఎవరు, ఏ సరుకు, ఎంత పరిమాణంలో, ఏ రేటుకు, ఎన్ని గంటల్లోగా ఇస్తారో ముందే కాగితం మీద రాసుకోవడం ఎలాగో ఈ వ్యాసంలో వివరిస్తున్నాను. మునిసిపల్ కమిషనర్లు, ఆర్డీవోలు, తహసీల్దార్లు, వర్తక సంఘాల బాధ్యులు, ఈ పనికి పూనుకోదలచిన స్వచ్ఛంద సంస్థలవారు దీన్ని తమ ఊరికి తగినట్టు మార్చుకోవచ్చు.

ఎవరు పిలవాలి, ఎవరిని పిలవాలి

పిలుపు అధికారం ఉన్న చోటు నుంచే రావాలి. విపత్తుల నిర్వహణ చట్టం, 2005 ప్రకారం ప్రతి జిల్లాలో కలెక్టర్ అధ్యక్షుడిగా, జిల్లా పరిషత్ అధ్యక్షుడు సహాధ్యక్షుడిగా జిల్లా విపత్తుల నిర్వహణ సంస్థ ఉంటుంది. నగరపాలక సంస్థలు ఉన్న నగరాలకు ప్రత్యేకంగా పట్టణ విపత్తుల నిర్వహణ సంస్థను ఏర్పాటు చేసే వీలును 2025 నాటి సవరణ చట్టం కల్పించింది. స్వచ్ఛంద సంస్థ ఎంత చురుకైనదైనా, ఆ సంస్థ పిలిచిన సమావేశానికి వచ్చే వర్తకుడు దాతగానే వస్తాడు. కమిషనర్ లేదా ఆర్డీవో సంతకంతో లేఖ వెళ్లినప్పుడు అదే వర్తకుడు బాధ్యుడిగా వస్తాడు. కాబట్టి స్వచ్ఛంద సంస్థలు తెర వెనుక పనంతా తామే చేసినా, లేఖ మాత్రం కార్యాలయం నుంచి వెళ్లేట్టు చూసుకోవాలి.

ఆహ్వానితుల జాబితాను టర్నోవరు చూసి తయారు చేయడం చాలా చోట్ల జరిగే పొరపాటు. ఊళ్లో అన్నిటికన్నా పెద్ద వ్యాపారం బంగారు దుకాణం కావచ్చు, కానీ తుఫాను రాత్రి టార్పాలిన్ పట్టాలు అమ్మే చిన్న కొట్టే ముఖ్యం. అందుకే ముందుగా ఆ ఊరికి వచ్చే ఆపదను తీసుకుని, దాని మొదటి 72 గంటల్లో ఏం కావాలో వరుసగా రాసుకుని, ఒక్కొక్క అవసరానికి ఎదురుగా ఎవరి దగ్గర అది ఉందో రాయాలి. కిరాణా హోల్‌సేల్ వ్యాపారులు, పాల ఏజెంట్లు, వాటర్ ప్లాంట్ల యజమానులు, పెట్రోల్ బంకులు, మెడికల్ షాపులు, క్యాటరింగ్ వారు, టెంట్ హౌసులు, కళ్యాణ మండపాలు, జేసీబీలు, టిప్పర్ల యజమానులు, రంపపు మిల్లులు, లారీ యజమానుల సంఘం, హమాలీల మేస్త్రీలు, సెల్ టవర్ల నిర్వహణ కాంట్రాక్టర్లు దాదాపు ప్రతి పట్టణంలోనూ ఈ జాబితాలోకి వస్తారు. వరద ముప్పు ఉన్న డెల్టా గ్రామాల్లో రైస్ మిల్లులను తప్పక చేర్చాలి, ఎందుకంటే గండ్లు పూడ్చడానికి కావలసిన గోనె సంచులు వేల సంఖ్యలో ఒకేచోట దొరికేది అక్కడే. గండ్లు పూడ్చడానికే సరుగుడు కర్రలు కూడా కావాలి కనుక వాటి వ్యాపారులనూ చేర్చాలి.

జాబితా తయారయ్యాక ఫోన్లలో కానివ్వకుండా ఒక్కొక్కరి దగ్గరికీ మనిషి వెళ్లాలి. సరుకు సాధారణంగా ఎంత నిల్వ ఉంటుంది, గోదాము ఉన్న స్థలం గత వరదలో మునిగిందా, కరెంటు పోతే జనరేటరు ఉందా, అది నేల మీద ఉందా అరుగు మీద ఉందా, తాళంచెవులు ఎవరి దగ్గర ఉంటాయి, యజమాని ఊళ్లో లేకపోతే నిర్ణయం తీసుకునే రెండో వ్యక్తి ఎవరు అన్న విషయాలు తెలుసుకోవాలి. ఈ చివరి రెండు ప్రశ్నలను చాలామంది అడగరు. ఆపద వేళ షట్టరు ముందు నిలబడి తాళంచెవి కోసం వెతికే పరిస్థితి రాకూడదంటే ఇద్దరి పేర్లు, ఇద్దరి నంబర్లు నమోదు కావాలి.

ఈ సర్వేలో ఒక జాగ్రత్త అవసరం. ఎవరి దగ్గర వస్తువు ఉందో వారందరూ దాన్ని ఇవ్వగలిగిన స్థితిలో ఉండరు. భీమవరం ప్రాంతంలోని రొయ్యల రైతుల దగ్గర జనరేటర్లు పుష్కలంగా ఉంటాయి కనుక వాటిని ఆశ్రయ కేంద్రాలకు తెప్పించవచ్చని లెక్క వేయడం సులభమే. కానీ కరెంటు పోయిన క్షణం నుంచి చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరియేటర్లు తిరగడానికి ఆ జనరేటర్లే ఆధారం, అవి లేకపోతే తెల్లవారేసరికి ఆక్సిజన్ అందక పంట మొత్తం పోతుంది. అలాంటి వారి పేరు ఎదురుగా ‘ఇవ్వగలరు’ అని కాకుండా ‘వీరికే డీజిలు అందించాలి’ అని రాసుకోవాలి.

మొదట వారి దుకాణం నిలవాలి

మొదటి సమావేశంలోనే ఊరి కోసం మీరేం చేస్తారని అడిగితే వర్తకులు మొహమాటానికి ఒప్పుకుని వెళ్లిపోతారు. మీ దుకాణం మునగకుండా, మునిగినా వారంలో తెరుచుకునేలా మేమెలా తోడ్పడగలం అని మొదలుపెడితే మాట ముందుకు సాగుతుంది. ఇది కేవలం మాట నేర్పు కోసం చెబుతున్నది కాదు. మునిగిన మెడికల్ షాపు ఎవరికీ మందులు ఇవ్వలేదు. కరెంటు లేక పంపు ఆడని బంకులో నిండు ట్యాంకు ఉన్నా అంబులెన్సుకు ఉపయోగం ఉండదు. వ్యాపారి తన కొట్టును కాపాడుకోవడం కూడా ఊరి సన్నద్ధతలో భాగమే.

ఇందులో ఖర్చు లేని పనులు చాలా ఉన్నాయి. గోదాములో బస్తాలను నేల మీద కాకుండా చెక్క దిమ్మెల మీద, గోడకు జానెడు ఎడంగా పేర్చాలి. జనరేటరును, విద్యుత్ ప్యానెల్ బోర్డును సెల్లారు నుంచి పైకి మార్చాలి. నీళ్లు వచ్చిన అపార్టుమెంట్లలోనూ ఆసుపత్రుల్లోనూ మొదట పాడయ్యేవి ఇవే. పైకప్పు మీది హోర్డింగులు, రేకులు, నీళ్ల ట్యాంకులు గట్టిగా బిగించి ఉన్నాయో లేదో తుఫాను నెలలకు ముందే చూడాలి. ఒకరి ఆస్తి అదుపు తప్పితే ఇతరులకు ఎంత ముప్పో 2024 వరదల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కనిపించింది: 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు స్థాయికి చేరిన ఆ వరదలో కట్లు తెగిన పడవలు కొట్టుకువచ్చి గేట్ల కౌంటర్ వెయిట్లను (గేట్లు ఎత్తడానికి, దించడానికి తోడ్పడే బరువు దిమ్మెలను) ఢీకొట్టాయి. ఏ ఊళ్లోనైనా గాలికి లేచే రేకు, నీటికి కొట్టుకుపోయే పడవ, తేలిపోయే గ్యాస్ సిలిండరు ఎవరివో ముందే గుర్తించి కట్టించాలి.

బీమా గురించి ఒక సమావేశం పూర్తిగా కేటాయించినా వృథా కాదు. 2021 ఏప్రిల్ నుంచి చిన్న వ్యాపారాల కోసం రెండు ప్రామాణిక పాలసీలు అమల్లో ఉన్నాయి. ఒకేచోట ఉన్న ఆస్తి విలువ 5 కోట్ల రూపాయల వరకు ఉంటే ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’, 5 కోట్లు దాటి 50 కోట్ల వరకు ఉంటే ‘భారత్ లఘు ఉద్యమ్ సురక్ష’ వర్తిస్తాయి. రెండింటిలోనూ అగ్నిప్రమాదంతో పాటు తుఫాను, వరద నష్టం కూడా కలిసే ఉంటుంది. వర్తకులు ఎక్కువగా దెబ్బతినేది విలువ తగ్గించి రాయించుకోవడం వల్ల. సరుకు 40 లక్షలది ఉండగా ప్రీమియం తగ్గుతుందని 20 లక్షలకే బీమా చేయించినవారికి 10 లక్షల నష్టం జరిగితే, ఆ పదీ రావు. అదే నిష్పత్తిలో తగ్గి సుమారు 5 లక్షలే వస్తాయి. విలువలో తేడా 15 శాతం లోపు ఉంటే ఈ కోత ఉండదు. స్టాకు రిజిస్టరు, కొనుగోలు బిల్లుల నకళ్లు దుకాణంలోనే ఉంచితే సరుకుతో పాటు అవీ తడిసిపోతాయి కనుక, ప్రతి నెలా ఫోటో తీసి ఊరికి దూరంగా ఉన్న బంధువుకో ఆడిటరుకో పంపే అలవాటు చేయించాలి.

ఒప్పందంలో ఏం రాయాలి

ఈ పనిలో అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన చోటు ఇదే. వర్తకులు ప్రభుత్వంతో కలిసి పనిచేయడానికి జంకే కారణాల్లో మొదటిది బిల్లు. గత తుఫానుకు పంపిన నీళ్ల ట్యాంకర్ల డబ్బు ఏడాది దాటినా రాలేదన్న మాట, జేసీబీ తీసుకెళ్లి వారం తర్వాత డీజిలు కూడా లేకుండా తిరిగి పంపారన్న మాట ఇలాంటి సమావేశాల్లో తప్పక వస్తుంది. ఆ మాటను అణచకుండా పూర్తిగా విని, పాత బకాయిల జాబితా తీసుకుని, వాటి సంగతి తేల్చిన తర్వాతే కొత్త ఒప్పందం ముందు పెట్టాలి. పాత బాకీ తీర్చకుండా కొత్త సాయం అడిగే హక్కు మనకు లేదని నా గట్టి నమ్మకం.

ఒప్పందం రెండు పేజీలు మించనక్కరలేదు. సరుకు లేదా యంత్రం పేరు, పరిమాణం, పిలిచిన తర్వాత ఎన్ని గంటల్లో ఎక్కడికి చేరాలి, రోజుకు లేదా గంటకు రేటు, డీజిలు ఎవరిది, డ్రైవరు భత్యం, భోజనం ఎవరివి, యంత్రం పాడైతే బాగుచేయించే బాధ్యత ఎవరిది, పిలిచే అధికారం ఉన్న ఇద్దరు అధికారుల హోదాలు, పని పూర్తయినట్టు ధ్రువీకరించేది ఎవరు, బిల్లు ఎన్ని రోజుల్లో చెల్లిస్తారు అన్నవి స్పష్టంగా ఉండాలి. ‘సహకరిస్తాము’, ‘వీలైనంత సరఫరా చేస్తాము’ వంటి మాటలకు చోటివ్వకూడదు. ‘20 లీటర్ల నీళ్ల టిన్నులు 500, పిలిచిన 6 గంటల్లో, ఫలానా పాఠశాల దగ్గరికి’ అన్నట్టుగా ఉంటేనే అది ఒప్పందం. రేటు మామూలు రోజుల రేటే కావాలి. ఆపద పేరుతో పెంచడం ఎంత తప్పో, ఆపద పేరుతో ఉచితంగా తీసుకోవడమూ అంతే తప్పు. ఉచితంగానే ఇస్తామనే వారిని గౌరవంగా స్వీకరించి, అది విరాళమని విడిగా రాసుకోవాలి.

చట్టంలోని మూడు సెక్షన్లను అధికారులు, వర్తకులు ఇద్దరూ చదివి ఉండాలి. విపత్తుల నిర్వహణ చట్టం 50వ సెక్షన్ ప్రకారం అత్యవసర కొనుగోలుకు అనుమతి ఇచ్చినప్పుడు టెండరు పిలిచే నిబంధన నుంచి మినహాయింపు వర్తిస్తుంది, అధికారం పొందిన అధికారి ఇచ్చే వినియోగ ధ్రువపత్రమే లెక్కలకు చెల్లుబాటయ్యే వోచరు అవుతుంది. ఆడిట్ అభ్యంతరం వస్తుందనే భయంతో ఫైలు కదలని చోట ఈ సెక్షన్ చూపించాలి. 65వ సెక్షన్ సహాయ చర్యల కోసం ప్రైవేటు భవనాలను, వాహనాలను, సామగ్రిని రాతపూర్వక ఆదేశంతో తాత్కాలికంగా స్వాధీనం చేసుకునే అధికారం ఇస్తుంది. 66వ సెక్షన్ అలా తీసుకున్నందుకు పరిహారం చెల్లించాలని చెబుతుంది. వాహనానికి ఆ ప్రాంతంలో నడిచే అద్దె రేటే ప్రమాణం, నిర్ణయించిన మొత్తం సరిపోలేదనుకున్న యజమాని 30 రోజుల్లోగా మధ్యవర్తికి నివేదించమని కోరవచ్చు. 65వ సెక్షన్‌ను బెదిరింపుగా వాడితే ఒకసారి పని జరుగుతుంది, రెండోసారి లారీలు ఊరు దాటించేస్తారు. అందుకే స్వాధీనాన్ని చివరి మార్గంగా ఉంచి, ఒప్పందాన్ని మొదటి మార్గంగా పెట్టుకోవాలి.

బంకుల విషయంలో అదనంగా ఒక షరతు రాయించాలి. అంబులెన్సులకు, అగ్నిమాపక వాహనాలకు, టవర్ల జనరేటర్లకు కొంత పెట్రోలు, డీజిలు అట్టిపెట్టాలని, దాన్ని ఏ చీటీ చూపిన వారికి ఇవ్వాలో ముందే తేల్చాలని జిల్లా పౌరసరఫరాల అధికారి సమక్షంలో రాసుకుంటే, జనం క్యూలు కట్టిన రోజున బంకు పనివాళ్లు ఆ ఒత్తిడికి లొంగనవసరం లేకుండా ఉంటుంది.

కళ్యాణ మండపాలను ఆశ్రయ కేంద్రాలుగా తీసుకునేటప్పుడు పైకప్పు చూడాలి. రేకుల కప్పు ఉన్న హాలు వరదకు పనికొస్తుంది గానీ తుఫాను గాలికి ప్రమాదం. ఆడవాళ్లకు విడిగా, లోపలి నుంచి గడియ పడే మరుగుదొడ్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, దాన్నిబట్టే ఎంతమందిని పంపాలో నిర్ణయించాలి. వంట బాధ్యత తీసుకునే క్యాటరింగ్ వారితో వంటకం కూడా మాట్లాడుకోవడం మంచిది. సాంబారన్నం పొట్లం కొద్ది గంటల్లో పాడవుతుంది, చింతపండు పులిహోర అంతకన్నా ఎక్కువసేపు నిలుస్తుంది. పడవ మీద చివరి ఇంటికి చేరేసరికి పట్టే సమయం తెలిసినవారికి ఈ తేడా విలువ తెలుసు.

ప్రమాదకర కర్మాగారాల సంగతి వేరు

కొన్ని సంస్థలు సాయం చేయవలసినవారి జాబితాలో కన్నా, ముప్పుకు మూలమైనవారి జాబితాలో ముందు ఉండాలి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్ ఆర్ వెంకటాపురంలో ఒక కర్మాగారం నుంచి స్టైరీన్ అనే ప్రమాదకర రసాయనం ఆవిరి వెలువడి 12 మంది ప్రాణాలు కోల్పోయారు. నిద్రలో ఉన్న ఊరిని మేల్కొలపవలసిన సైరన్ మోగలేదని ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది. ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి నియమాలు, 1989 ప్రకారం ఆవరణ లోపలి అత్యవసర ప్రణాళిక యాజమాన్యం బాధ్యత, దానిపై ఆరు నెలలకోసారి మాక్ డ్రిల్ జరగాలి. ఆవరణ వెలుపలి ప్రణాళిక జిల్లా యంత్రాంగం బాధ్యత, దాన్ని ఏడాదికి ఒకసారైనా అభ్యాసం చేయాలి.

అందువల్ల ఇలాంటి సంస్థలతో మాట్లాడేటప్పుడు దుప్పట్లు, బియ్యం అడగవద్దు. గోడకు అవతల ఉన్న కాలనీవాసులకు ఏ రసాయనం ఉందో, సైరన్ ఎలా మోగుతుందో, మోగితే గాలివాటం చూసి ఏ దిక్కుకు వెళ్లాలో తెలుగులో, ఇంటింటికీ చెప్పించమని అడగాలి. డ్రిల్‌లో ఆ కాలనీవారు పాల్గొనాలని పట్టుబట్టాలి. ఈ ఒక్క పని చేయించగలిగితే అది ఎన్ని లారీల సహాయ సామగ్రికన్నా మిన్న.

పెద్ద కంపెనీల సామాజిక బాధ్యత నిధులు

కంపెనీల చట్టం, 2013లోని 135వ సెక్షన్ ప్రకారం 500 కోట్ల నికర విలువ గానీ, 1,000 కోట్ల టర్నోవరు గానీ, 5 కోట్ల నికర లాభం గానీ ఉన్న కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతాన్ని సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. 2019లో విపత్తుల నిర్వహణను కూడా ఆ పనుల జాబితాలో చేర్చారు. కంపెనీలు ఈ ఖర్చుకు వార్షిక ప్రణాళిక వేసుకుంటాయి కనుక, అక్టోబరులో తుఫాను వచ్చాక చేసే విన్నపం కన్నా ఆర్థిక సంవత్సరం మొదలవకముందే, ఫిబ్రవరిలో, అంచనా వ్యయంతో ఇచ్చే ప్రతిపాదన ఎక్కువ ఫలిస్తుంది. కంపెనీ తన ఉద్యోగులకు మాత్రమే ఉపయోగపడే పనినీ, తన రోజువారీ వ్యాపారంలో భాగమైన పనినీ ఈ ఖాతాలో రాయడానికి వీల్లేదని గుర్తుంచుకుని, ఊరికి పనికొచ్చే వాటినే అడగాలి: ఆశ్రయ కేంద్రానికి సౌర దీపాలు, మత్స్యకార గ్రామాల యువకులకు ఈత, ప్రథమ చికిత్స శిక్షణ, మురుగు కాలువల పూడికతీత వంటివి.

హెచ్చరిక వచ్చిన గంట నుంచి

భారత వాతావరణ శాఖ తుఫాను సమాచారాన్ని నాలుగు దశల్లో ఇస్తుంది: సుమారు 72 గంటల ముందు తొలి సూచన, కనీసం 48 గంటల ముందు అప్రమత్తత, 24 గంటల ముందు హెచ్చరిక, 12 గంటల ముందు తీరం దాటిన తర్వాతి పరిస్థితి అంచనా. ఒప్పందాల్లోని పనులన్నిటినీ ఈ దశలకు ముడిపెట్టాలి. పత్రికల్లో కనిపించే ‘మూడో నంబరు’, ‘పదో నంబరు’ ప్రమాద సూచికలు ఓడరేవుల్లో నౌకల కోసం ఎగరవేసేవి కనుక వాటిని దుకాణాల గడియారంగా పెట్టుకోకూడదు.

మొదటి సూచన రాగానే వర్తకులందరికీ ఒకే సందేశం వెళ్లాలి, స్టాకు ఎంత ఉందో సాయంత్రానికి బదులు రావాలి. 48 గంటల ముందు బంకుల్లో నిల్వ పక్కన పెట్టించి, వాటర్ ప్లాంట్లలో టిన్నులు నింపించాలి, ఎందుకంటే కరెంటు పోయాక ప్లాంటు నడవదు. 24 గంటల ముందు జేసీబీలు, రంపాలు, వాటిని నడిపేవారు తమకు కేటాయించిన చోటికి చేరి ఉండాలి. గాలి మొదలయ్యాక ఏ వాహనాన్నీ రోడ్డు మీదికి రమ్మనడం న్యాయం కాదు. ఆ తర్వాత కార్మికులను ఇళ్లకు పంపేయాలి. తీరప్రాంత యాజమాన్యాలు ఆ రోజు సెలవు ఇచ్చి కూలి కోయకుండా ఉండాలని ఒప్పందంలోనే రాయించడం నాకు అత్యంత ముఖ్యంగా తోస్తుంది. కూలి పోతుందనే భయంతో పనికి వచ్చిన మనిషి ఇంటికి చేరలేక దారిలో చిక్కుకోకూడదు.

ఫోన్లు మూగబోతాయని ముందే అనుకుని, తుఫాను దాటిన తర్వాత ఎన్ని గంటలకు, ఏ చోట అందరూ కలవాలో నిర్ణయించుకోవాలి. రాష్ట్ర కంట్రోల్ రూము 1070, జిల్లా కంట్రోల్ రూము 1077 నంబర్లు ప్రతి ఒప్పందం పైభాగంలో అచ్చువేయాలి.

ఏడాదికి రెండుసార్లు

మన తీరానికి తుఫానుల కాలాలు రెండు: ఏప్రిల్, మే నెలలు ఒకటి, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మరొకటి. మార్చిలో ఒకసారి, ఆగస్టు చివర ఒకసారి జాబితా సరిచూసి, కనీసం ఒక సరుకును, ఒక యంత్రాన్ని నిజంగా పిలిపించి చూడాలి. ఆదివారం తెల్లవారుజామున ఫోను చేసి, క్రేను ఎన్ని గంటలకు వచ్చిందో రాసుకోవడమే మంచి మాక్ డ్రిల్. ఆలస్యమైతే నిందించకుండా కారణం అడగాలి: డ్రైవరు సొంతూరు వెళ్లి ఉండవచ్చు, బ్యాటరీ దిగిపోయి ఉండవచ్చు, నంబరు మారి ఉండవచ్చు.

విపత్తు దాటిన నెల రోజుల్లో మూడు పనులు పూర్తికావాలి. మొదటిది బిల్లుల చెల్లింపు. ఎవరికి ఎంత ఇచ్చారో వర్తక సంఘం కార్యాలయంలో అందరికీ కనిపించేలా అతికించాలి. రెండోది, మునిగిన చిన్న వ్యాపారుల జాబితా. తోపుడు బండ్లవారు, టీ కొట్లవారు, రోడ్డు పక్కన చేపలు అమ్మే ఆడవాళ్లు ఏ సంఘంలోనూ ఉండరు కనుక, బ్యాంకులతో, బీమా సర్వేయర్లతో జరిగే మాటల్లో వారి తరఫున ఎవరో ఒకరు కూర్చోవాలి. మూడోది, ఒప్పందంలో రాసిన ప్రతి అంశం ఎదురుగా నిజంగా జరిగినదేమిటో రాసి, ఆ కాగితాన్ని తదుపరి మార్చి సమావేశానికి భద్రపరచడం. బదిలీపై వచ్చే కొత్త అధికారికి మొదటి రోజే అందించవలసిన ఫైలు ఇదేనని కార్యాలయ సిబ్బందికి చెప్పి ఉంచాలి.